చేసినవారు: తెలియదు

మా ఆఫీసులో ఓటు వేసే ముందు ఒక ప్రశ్న అడుగుతారు. "ఈ ఆట చేసినవాళ్ళలో మీవాళ్ళెవరైనా ఉన్నారా?" అని పెద్దాయన ఒక్కొక్కరి మొహం చూసి అడగడం, ఒక్కొక్కరం "లేరు" అనడం. బళ్ళో హాజరు పలికినట్టే ఉంటుంది. అడిగే ఆయనకీ ధ్యాస ఉండదు, చెప్పే మాకూ ఉండదు. వకీలు గారైతే ఆ మాటని ఆవలింతలోనే కలిపేస్తారు. ఉన్నారంటే మాత్రం లేచి బయటికి వెళ్ళిపోవాలి, ఆ రోజుకి ఓటు ఉండదు. నేను చేరినప్పటినుంచీ అలా లేచి వెళ్ళినవాళ్ళు లేరు. వీడియో గేములు చేసేవాళ్ళు మనకి చుట్టాలవడం కూడానా అని టీ తాగేటప్పుడు నవ్వుకునేవాళ్ళం.

మా చోటు ఒక పెద్ద గ్రంథాలయం అడుగున ఉన్న నేలమాళిగ. పాత వీడియో గేములని ముందు తరాల కోసం దాచిపెట్టడం మా పని. వినడానికి సరదాగానే ఉంటుంది. మా పక్కింటావిడ నేను రోజంతా ఆటలాడి జీతం తెచ్చుకుంటానని వీధంతా చాటింపు వేసింది కూడా. నిజానికి మేం దాచేది చిటికెడు, వదిలేసేది బోలెడు. జనం అటకలు దులిపినప్పుడల్లా అట్టపెట్టెలు తెచ్చి మా గుమ్మంలో పడేస్తారు. అందులోని డిస్కుల మీద గోధుమరంగు పూత పొట్టులా రాలుతూ ఉంటుంది. యంత్రాల పని చూసే మా మేస్త్రి వాటిని కడిగి, ఆరబెట్టి, బతిమాలుకుని చదివిస్తాడు.

చదివించిన కాపీని కొత్త కంప్యూటర్‌లో పడేసుకోవచ్చు కదా అని అందరూ మాకు తెలివితేటలు నేర్పుతారు. పడేసుకోవచ్చు, కానీ అది నడవదు. ఆ ఆటలు నడిచే పాత కంప్యూటర్ మా దగ్గర ఒక్కటే మిగిలింది, దానికీ ఆయాసం. అది పోయేలోగా మేస్త్రి దాన్ని పక్కన పెట్టుకుని, బొమ్మకి బొమ్మ, చప్పుడుకి చప్పుడు సరిపోల్చుకుంటూ ఆటని కొత్త యంత్రాల మీదికి మళ్ళీ అమర్చాలి. ఒక్కో ఆటకి నెలలు పడుతుంది. అందుకే ఏరుకోవాల్సి వస్తుంది. ఏరగా మిగిలినవాటిని పెట్టే బీరువాని 'వచ్చే ఏడాది అర' అంటాం. అందులోకి వెళ్ళిన డిస్కు మళ్ళీ బయటికి వచ్చిన దాఖలా లేదు. ఆ పేరు పెట్టిన మహానుభావుడు ఎవరో గాని, మనసున్నవాడే అయి ఉంటాడు.

ఎంపికలో మేం అయిదుగురం. పెద్దాయన, వకీలు గారు, ఒక బడి టీచరమ్మ, మేస్త్రి, నేను. ఓట్లు సమానమైతే పెద్దాయన ఎటుంటే అటు. నాకు ఇంకో పని కూడా ఉంది. ప్రతి ఆటకీ ఒక పరిచయపు కార్డు రాస్తాను. ఆట ఏమిటి, ఎలా ఆడాలి, ఎవరు చేశారు. వందేళ్ళ తర్వాత ఎవరైనా దాన్ని తెరిస్తే, ఆ నాలుగు ముక్కలే వాళ్ళకి దిక్కు.

ఈసారి ఒక్క ఆటకే చోటుందని మేస్త్రి ముందే చెప్పేశాడు. "ఈ ముసలిది ఇంకో ఆటని మోస్తుందేమో. రెండోది అడగొద్దు," అని పాత కంప్యూటర్ నెత్తి మీద చెయ్యి వేశాడు.

ఆ తర్వాతి వారమే వచ్చిన పెట్టెలో 'వాన ఇల్లు' ఉంది.

అట్ట మీద నీలం రంగు గోడ, కారుతున్న కప్పు, కింద కంపెనీ పేరు. ఇంకేమీ లేదు. ఆ ఆట మా అక్క చేసింది.

అక్క చదువు అయిన కొత్తలో ఒక చిన్న కంపెనీలో చేరింది. పిల్లలకి లెక్కలూ బొమ్మలూ నేర్పే ప్రోగ్రాములు చేసేవాళ్ళు. అక్కడ ఖాళీ దొరికినప్పుడల్లా ఒక్కత్తే కూర్చుని చేసింది దీన్ని. మేం పెరిగిన అద్దె ఇల్లే అందులో ఉంది. వరసగా గదులు, కప్పు నిండా చిల్లులు. అమ్మ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసి పొద్దున వచ్చి పడుకునేది. వాన పడితే నేనూ అక్కా గిన్నెలూ బకెట్లూ పట్టుకుని పిల్లుల్లా తిరిగేవాళ్ళం. అమ్మ నిద్ర చెడకూడదు, అంతే మా లక్ష్యం. ఆటలోనూ అంతే. ఏ చిల్లు కింద ఏ గిన్నె పెట్టాలో చూసుకోవాలి, నిండకముందే వంటింటి తూములో పారబోసి రావాలి. నిండి పొర్లిందంటే చప్పుడవుతుంది. అప్పుడు చివరి గదిలో అమ్మ లేస్తుంది. లేచి ఎవర్నీ తిట్టదు. గుడ్డ పట్టుకుని నేల తుడవడం మొదలుపెడుతుంది. అక్కడితో ఆట అయిపోతుంది.

దాన్ని మొట్టమొదట ఆడింది నేను. ఎన్నిసార్లు అమ్మని లేపానో లెక్కలేదు. అక్క మాత్రం ఒక్కసారి కూడా లేపేది కాదు.

కంపెనీ యజమాని దాన్ని అమ్ముకున్నాడు. పేరు వేయమంటే, "అట్ట మీద పేర్లుంటే పిల్లలు తికమక పడతారమ్మా," అన్నాడట. ఏ పిల్లలు తికమక పడ్డారో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఆ తర్వాత కంపెనీ మూతపడింది, అక్క దగ్గర ఒక్క కాపీ కూడా మిగల్లేదు. ఇప్పుడు అక్క బస్సుల డిపోలో ఏ బస్సు ఏ వేళకి బయల్దేరాలో వేసే పని చేస్తోంది. బాగా చేస్తుంది. ఆవిడ వేసిన వేళల్లో రెండు బస్సులు మూల మలుపు దగ్గర ఎదురెదురు పడవని డ్రైవర్లు చెప్పుకుంటారు.

నాకు ఒక జబ్బుంది. సంతోషం వస్తే నోట్లో మాట నిలవదు. ఆ సాయంత్రమే అక్క ఇంటికి పరిగెత్తాను.

తలుపు తీసింది బావ. కళ్ళజోళ్ళ దుకాణం మూసి అప్పుడే వచ్చినట్టున్నాడు. "మరదలు గారు వేళ కాని వేళ వచ్చారంటే ఇంట్లో గ్యాసు అయిపోయుండాలి," అన్నాడు. ఆయన్ని దాటుకుని వంటింట్లోకి వెళ్ళి, గిన్నెలు తోముతున్న అక్కకి విషయం చెప్పేశాను.

అక్క కుళాయి కట్టలేదు. నీళ్ళు అలా పోతూనే ఉన్నాయి.

"నడుస్తోందా?" అంది.

"నడుస్తోంది. మేస్త్రి నా ముందే నడిపించాడు."

"మూడో గదిలో చిన్న చిల్లు ఉండాలి, కిటికీ పక్కన. దాన్ని చివర్లో పెట్టాను. ఉందా?"

"ఉందే. అన్నీ ఉన్నాయి."

అప్పుడు కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకోకుండానే నా భుజాలు పట్టుకుంది. నా జాకెట్టంతా సబ్బు నీళ్ళు.

ముందు గదిలోంచి మేడమ్ వచ్చింది. మేడమ్ అంటే అక్క కూతురు. కాలేజీలో చేరిందో లేదో ఇంటిల్లిపాదికీ ఆజ్ఞలు వేయడం మొదలుపెట్టింది కాబట్టి అందరం అలాగే పిలుస్తాం. కంప్యూటర్ చదువే. స్నేహితురాళ్ళతో కలిసి ఏదో చిన్న గేము చేసి కాలేజీలో బహుమతి కూడా కొట్టింది. ఆ రోజు అక్క పొంగిపోయి, "నేనూ చేశానే మీ వయసులో," అందట. మేడమ్ పడీపడీ నవ్విందట.

"మళ్ళీ ఆ గేము కథేనా?" అంది మేడమ్ ఇప్పుడు, గుమ్మానికి ఆనుకుని. "అమ్మా, ఫోన్లో అలారం పెట్టాలన్నా నన్నే పిలుస్తావు. నువ్వు గేము చేశావంటే ఎలా నమ్మను చెప్పు?"

ఆ మాటలో ఎగతాళి కంటే జాలే ఎక్కువ ఉంది. అదే నాకు ఒళ్ళు మండించింది. అక్క మాత్రం దాన్ని పట్టించుకోలేదు. నా వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగింది.

"మీరు దాన్ని దాచి పెడితే, పేరు వేస్తారా?"

"వెయ్యకేం? ఎవరు చేశారో కార్డు మీద రాసేదే నేను," అన్నాను. "మేడమ్ గారిని తీసుకొచ్చి చూపించు. చదువుకుంటుంది."

అప్పటికి ఓటు ముందు అడిగే ఆ ప్రశ్న నా బుర్రలోకే రాలేదు. రోజూ పలికే మాట కదా, అది ఎప్పటికైనా నాకు తగులుతుందని ఎవరనుకుంటారు? ఇంటికి వెళ్తూ బస్సులో కూర్చున్నాక గుర్తొచ్చింది. దిగాల్సిన చోటు దాటిపోయి, రెండు వీధులు వెనక్కి నడిచాను.

ఓటింగు రోజు వచ్చేసరికి బల్ల మీద రెండు ఆటలు మిగిలాయి. ఒకటి వాన ఇల్లు. రెండోది 'బంతి రాజా' అనే ఫుట్‌బాల్ ఆట. అది మామూలు బంతి రాజా అయితే నేను క్షణం ఆలోచించేదాన్ని కాదు. కాని ఇది అద్దె ఆటల దుకాణం వాడు విప్పి మార్చిన కాపీ. ఆటగాళ్ళ పేర్లు తీసేసి, తన దుకాణానికి రోజూ వచ్చే కుర్రాళ్ళ పేర్లు పెట్టుకున్నాడు. అసలు పేర్లు కూడా కావు, వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పిలుచుకునేవి. కోడిమెడ, సోడాబుడ్డి, బండోడు, డాక్టరు గారి రెండోవాడు. గోల్ కొడితే తెర మీద ఆ పేరు గంతులేస్తుంది.

"ఈ పిల్లల పేర్లు ఇంకెక్కడా కనిపించవు," అన్నాడు పెద్దాయన. ఆయన ఎప్పుడూ నెమ్మదిగానే మాట్లాడతాడు. "వీళ్ళలో సగం మంది ఏమయ్యారో ఎవరికీ తెలీదు. ఒక దుకాణం వాడు వీళ్ళని తలుచుకున్నాడు. దీన్ని అరలో పెట్టడానికి నాకు మనసు రావట్లేదు."

వకీలు గారు ఆయన వైపే. మేస్త్రి మాత్రం వాన ఇల్లు కావాలన్నాడు. అంత తక్కువ చోటులో ప్రతి గిన్నెకీ వేరే చప్పుడు ఎలా ఇమిడ్చారో తనకి అంతు పట్టలేదన్నాడు.

టీచరమ్మ అంది, "నేను ఎన్నో ఆటలు ఆడాను ఇక్కడ. ప్రతిదాంట్లో ఎవర్నో ఒకర్ని ఓడించాలి. ఇందులో ఒక మనిషిని పడుకోనివ్వాలి, అంతే. ఆడుతూ ఆడుతూ నాకే తెలీకుండా ఊపిరి బిగబట్టాను. ఇది చేసిన మనిషెవరో గాని, ఇంట్లో అలిసిపోయిన వాళ్ళని చూసి పెరిగుంటుంది."

"పెరిగుంటుంది అంటున్నారు. ఆడమనిషని ఎలా తెలుసు?" అన్నారు వకీలు గారు.

"మగవాడైతే ఆ అమ్మ లేచి వంట చేసేది," అంది టీచరమ్మ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా నవ్వు నాకే వేరేగా వినపడింది.

ఇద్దరు ఇటు, ఇద్దరు అటు. నేను లేచి బయటికి వెళ్తే ఓట్లు సమానం, పెద్దాయన మాట నెగ్గుతుంది, వాన ఇల్లు అరలోకి పోతుంది. కూర్చుంటే గెలుస్తుంది. కూర్చోవాలంటే ఒక్క మాట అబద్ధం ఆడాలి. అది ఆడాక అక్క పేరు ఆ కార్డు మీద రాయడం నా తరం కాదు.

అక్కకి ఫోన్ చేసి అడగొచ్చు. ఆట కావాలా, పేరు కావాలా అని. అడగాలని అనిపించింది కూడా. కాని అడిగితే అక్క ఏమంటుందో అని భయం వేసింది. పేరు లేకపోతే ఆ ఆట నాకెందుకే అంటే? నాకు ఆ ఆట కావాలి. మా ఇల్లు అందులోనే మిగిలింది, అమ్మ అందులోనే పడుకుని ఉంది. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. నాకు కావలసినదాన్ని అక్క కోసం చేస్తున్నానని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

పెద్దాయన వరసగా అడుగుతూ వచ్చాడు. మేస్త్రి లేరన్నాడు. టీచరమ్మ లేరంది. వకీలు గారు ఆవలించారు.

"అమ్మా, నీవాళ్ళెవరైనా?"

"లేరు," అన్నాను.

చాలా తేలిగ్గా వచ్చింది ఆ మాట. అన్నాళ్ళు పలికి పలికి నాలుకకి అలవాటైపోయింది మరి.

బంతి రాజా డిస్కుని పెద్దాయనే స్వయంగా అరలో పెట్టాడు. తలుపు వేసేముందు ఒకసారి దాని అట్ట మీది దుమ్ము చొక్కా చేతితో తుడిచాడు. ఎందుకు తుడిచాడో నాకు తెలుసు. కోడిమెడ, సోడాబుడ్డి, బండోడు, ఆ పిల్లలందరి నోట్లో మట్టి కొట్టినట్టు అనిపించింది. అక్కది కాకపోయి ఉంటే నేను దేనికి ఓటు వేసేదాన్ని? ఈ ప్రశ్న ఇప్పటికీ నన్ను వదల్లేదు. వాన ఇల్లు మంచి ఆటే. కాని నాకు అది మంచిదని తెలుసో, మాదని తెలుసో విడదీసి చూసుకోవడం చేతకావడం లేదు.

ఆ మధ్యాహ్నం కార్డు రాశాను. ఆట ఎలా ఆడాలో రాయడానికి నాకు దేన్నీ చూడక్కర్లేకపోయింది. చివరి వరస దగ్గర ఆగాను. 'చేసినవారు' అని అచ్చు వేసి ఉంటుంది, పక్కన ఖాళీ. 'తెలియదు' అని రాశాను. అక్షరాలు వంకర పోతే ఇంకో కార్డు తీసుకుని, నీటుగా మళ్ళీ రాశాను.

అక్కకి ఆట గెలిచిందని మాత్రం చెప్పాను. ఫోన్లో ఏడ్చింది. బావ ఫోన్ లాక్కుని, "ఇంట్లో ఇంత గొప్ప మనిషి ఉందని తెలీక ఇన్నాళ్ళు ఉప్పు తక్కువైందని సతాయించాను, క్షమించమని చెప్పు," అన్నాడు. వెనకాల మేడమ్, "ముందు పేరు చూడనివ్వండి, తర్వాత సన్మానాలు చేద్దురు," అనడం వినపడింది.

"చెప్పు దానికి, అభ్యంతరాల వారంలో తీసుకొస్తానని," అంది అక్క.

అభ్యంతరాల వారం అంటే, మేస్త్రి పని మొదలుపెట్టే ముందు ఎంపికైన ఆటని పై అంతస్తులో జనానికి పెడతాం. పాత కంప్యూటర్ కూడా అక్కడికి చేరుతుంది. ఎవరైనా వచ్చి ఆడొచ్చు, తప్పులు చెప్పొచ్చు. ఇది నేను చేశానని ఎవరైనా వస్తే, ఏదో ఒక ఆధారం చూసుకుని పేరు రాస్తాం కూడా. దారిన పోయే ఎవరు వచ్చి అడిగినా ఆ కార్డు మీద పేరు ఎక్కుతుంది. ఒక్క మా అక్క అడిగితే తప్ప. అక్క పేరు ఎక్కిందంటే నా చుట్టరికం బయటపడుతుంది, నా ఓటు కొట్టేస్తారు, చోటు బంతి రాజాకి పోతుంది. ముడి వేసింది నేనే, అక్క మెడకి.

చెప్పాలని రెండు మూడుసార్లు బయల్దేరాను. ఒకసారి డిపో దాకా వెళ్ళాను. అక్క అద్దాల గదిలో కూర్చుని, చెవి దగ్గర పెన్సిల్ పెట్టుకుని, ఎవరో డ్రైవరుతో నవ్వుతూ మాట్లాడుతోంది. నన్ను చూసి చెయ్యి ఊపింది. వెళ్ళి నీళ్ళు నమిలి, కొత్త బట్టలు కొన్నావా అని ఏదో అడిగి తిరిగొచ్చాను. ఇంకోసారి ఫోన్ చేస్తే మేడమ్ ఎత్తింది. పెట్టేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది, ఆ కోపం మా పక్కింటావిడ మీద చూపించాను. ఆవిడ తప్పేమీ లేదు ఆ రోజు.

వాళ్ళు రారేమో అనుకున్నాను. వచ్చారు. చివరి రోజు మధ్యాహ్నం, ముగ్గురూ. అక్క జుట్టుకి కొత్తగా రంగు వేసుకుంది. బావ కోటు తొడుక్కున్నాడు. కిటికీల దగ్గర బల్ల మీద పాత కంప్యూటర్ గురగురలాడుతోంది, దాని పక్కన గాజు కింద నా కార్డు. పెద్దాయన ఎవరో ముసలాయనకి కీబోర్డు ఎలా నొక్కాలో చూపించి పంపిస్తున్నాడు.

నేను అక్కకి ఎదురెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. "అక్కా, ఒక్కమాట. ఇటు రా ముందు," అన్నాను.

మేడమ్ నా మాటకి ఆగలేదు. నేరుగా బల్ల దగ్గరికి పోయి, కార్డు మీదికి వంగి చదివింది. "చేసినవారు, తెలియదు," అని పైకే చదివింది. తర్వాత మా వైపు తిరిగింది. "అమ్మా, తెలియదు అని ఉందేంటి? పిన్నీ, నువ్వే కదా రాసేది? అమ్మ చేసిందని నీకు తెలుసుగా?"

పెద్దాయన తల ఎత్తాడు. నా వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. మా ఇద్దరి ముక్కులూ ఒకలాగే ఉంటాయి, దాచేది కాదు.

"మీ అక్కగారా?" అన్నాడు నాతో.

"అవునండీ," అన్నాను.

ఆయన వచ్చి అక్కకి కుర్చీ చూపించాడు. "కూర్చోండమ్మా. మీరు చేశారా ఇది? చేసుంటే చాలా సంతోషం, పేరు రాయించే పూచీ నాది. కాని ఒక చిక్కుంది, అది చెప్పకుండా మిమ్మల్ని అడగడం న్యాయం కాదు. ఇది ఒక్క ఓటు తేడాతో నిలిచింది. ఆ ఓట్లలో మీ చెల్లెలిది ఒకటి. చుట్టాలు చేసిన ఆటకి ఓటు వెయ్యకూడదు, ఓటు ముందు అడుగుతాం కూడా. లేరని చెప్పింది. మీరు చేసిందే అయితే ఆ ఓటు తీసెయ్యాలి. అప్పుడు దీని చోటు ఇంకో ఆటకి పోతుంది." ఒక్క క్షణం ఆగాడు. "ఉన్నమాట చెప్పండి. ఏం ఫర్వాలేదు."

అక్క ఆయన మొహం చూసింది. గాజు కింద కార్డు చూసింది, నా అక్షరాలు ఆవిడకి తెలుసు. తర్వాత నన్ను చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. నేను ఏం చేశానో, ఎందుకు చేశానో, తనని ఎందుకు అడగలేదో అంతా ఆ చూపులోనే ఆవిడకి తెలిసిపోయింది. నేను అప్పుడైనా నోరు తెరవాల్సింది. ఆవిడదే, నేనే దాచానని అనాల్సింది. నా ఉద్యోగం కోసం ఆగలేదు, అది మాత్రం నిజం. పోయేది ఆట. అందుకని ఆగాను.

అక్క నవ్వింది.

"అయ్యో, లేదండీ," అంది. "మా చెల్లెలు దీని గురించి తెగ చెప్తుంటే, పిల్లని ఆటపట్టించడానికి నేనే చేశానని అన్నాను. ఇంత దూరం వస్తుందనుకోలేదు. నాకు ఫోన్లో అలారం పెట్టుకోవడమే రాదు."

బావ ఏదో అనబోయాడు. అక్క ఆయన కోటు చెయ్యి పట్టుకుంది, ఆయన ఆగిపోయాడు.

మేడమ్ మొహం ఎర్రబడింది. "నేను ముందే అనుకున్నాను," అంది నెమ్మదిగా. "మా క్లాసులో అందరికీ చెప్పేశాను కూడా." అని కిటికీ దగ్గరికి వెళ్ళి, మాకు వీపు పెట్టి నిలబడింది.

పెద్దాయన ఊపిరి వదిలాడు, కాని ఆయన కళ్ళు ఇంకా అక్క మీదే ఉన్నాయి. "సరేనమ్మా. ఎలాగూ వచ్చారు కదా, ఒకసారి ఆడి చూడండి," అన్నాడు.

అక్క కుర్చీ ముందుకి లాక్కుంది. కీబోర్డు మీద వేళ్ళు పెట్టిన తీరు చూసి నేను తల తిప్పుకోవాలనుకున్నాను, తిప్పుకోలేకపోయాను. తెర మీద వాన మొదలైంది. వరసగా గదులు, నీలం గోడలు, చివరి గదిలో మంచం మీద అమ్మ, గోడ వైపు తిరిగి.

మొదటి చుక్క పడింది. అక్క పెద్ద బకెట్ తీసుకెళ్ళి చిన్న చిల్లు కింద పెట్టింది. పెద్ద చిల్లు కింద చిన్న గిన్నె పెట్టింది. "ఇదెలా ఎత్తాలండీ?" అని అడిగింది. పెద్దాయన వంగి చూపించాడు. ఆలోగా గిన్నె అంచుదాకా వచ్చేసింది. ప్రతి చిల్లూ ఎప్పుడు తెరుచుకోవాలో తన చేత్తో వేసిన మనిషి, వచ్చే చుక్క ఎక్కడ పడుతుందో కళ్ళు మూసుకుని చెప్పగల మనిషి, వంటింటి వైపు పోవాల్సింది వీధి గుమ్మం వైపు పోయింది. వెతుకుతున్నట్టు తిరిగింది. గోడకి గుద్దుకుంది.

గిన్నె పొర్లింది. ఆ చప్పుడు గది మొత్తం వినపడింది. చివరి గదిలో అమ్మ కదిలింది, లేచి కూర్చుంది. గుడ్డ తీసుకుని, మోకాళ్ళ మీద వంగి నేల తుడవడం మొదలుపెట్టింది.

"కొత్తలో అందరికీ అంతేనమ్మా," అన్నాడు పెద్దాయన, ఇప్పుడు నిజంగా తేలికపడి. నా భుజం తట్టి, కింద ఎవరో పిలుస్తున్నారని వెళ్ళిపోయాడు.

అక్క వెంటనే లేవలేదు. తెర మీద అమ్మ ఆ గది తుడిచి, పక్క గదిలోకి వచ్చి, అదీ తుడిచేదాకా కూర్చుంది. తర్వాత సంచీ భుజానికి తగిలించుకుని లేచింది. బావని మేడమ్ దగ్గరికి పంపి, నా పక్కనుంచి వెళ్తూ ఆగింది. తిడుతుందని ఎదురుచూశాను.

"అమ్మని లేపేశానే చిన్నీ," అంది.